రబ్బరు పొడి

రాటర్‌డామ్ ట్రామ్ డిపోలో గుమాస్తాని నేను.
మార్కులు కూడటం నా పని.
ఆ ఏడు ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఒక్కటే ఖాళీ.

రాతపరీక్షలో మొదటి పేరు ఎవాల్ట్‌ది.
పరమారిబోలో పుట్టి, పద్దెనిమిదేళ్లుగా
ఎనిమిదో నంబరు బండి నడుపుతున్నవాడు.
చక్రం చప్పుడు విని
పట్టా ఎక్కడ అరిగిందో చెప్పేవాడు.
ఆకురాలు కాలంలో, తడిసిన ఆకుల మీద
బండి జారకుండా ఇసుక ఎప్పుడు వదలాలో
సీట్సేకి నేర్పింది కూడా అతనే.

సీట్సే మంచివాడే. అదే చిక్కు.
చెడ్డవాడైతే ఇది చెప్పడం తేలికయ్యేది.

ఇంటర్వ్యూలు అయ్యాక ముగ్గురూ కాఫీ తాగారు.
ఎవరూ గొంతు పెంచలేదు.
ఎవరి నోటా ఒక్క చెడ్డమాట రాలేదు.
"పనిమంతుడే, కాదనను.
మనవాళ్లు అతని మాట వింటారా అని..."
ఆ వాక్యాన్ని పూర్తి చేయాల్సిన అవసరం
ఎవరికీ కలగలేదు.
బిస్కట్ల పళ్ళెం ఒక చుట్టు తిరిగింది.
నాయకత్వం అన్న గడిలో
పెన్సిలు తొమ్మిది
నాలుగైంది.

కాగితం నా బల్ల మీదికొచ్చింది,
రబ్బరు పొడితో సహా.
ఉఫ్ మని ఊదాను.
ఎనభై మూడు సీట్సేకి, ఎనభై ఒకటి ఎవాల్ట్‌కి.
రెండుసార్లు సరిచూశాను.
నా కూడికలో తప్పు లేదు.

ఫలితం రోజు సీట్సే కేకు తెచ్చాడు.
మొదటి ముక్క ఎవాల్ట్‌కే ఇచ్చాడు.
ఎవాల్ట్ తిన్నాడు.

శుక్రవారం అతను నా కిటికీ దగ్గరికొచ్చాడు,
టోపీ చంకలో పెట్టుకుని.
"ఒకసారి చూడొచ్చా?"
నిబంధన ప్రకారం చూడొచ్చు.
ఆ గడి మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చాడు,
అరిగిన పట్టాని తడిమినట్టు.
నా వంక చూడకుండానే
"మీ అంకెలు ముత్యాల్లా ఉంటాయి" అని
అయిదూ పదికి బండి తీయడానికి వెళ్లిపోయాడు.

ముత్యాలు!
ఆ రాత్రి గిన్నెలు తోముతూ
గట్టిగానే అనుకున్నాను:
చెరిపింది నేను కాదు.
ఊదింది నేను.

మార్చిలో ఎవాల్ట్ ఫిర్యాదు మీద
వివక్ష విచారణకని ఒకావిడ వచ్చింది.
వరసగా లెక్కలన్నీ చూసి
"కూడిక సరిగ్గానే ఉంది" అని ఫైలు మూయబోయింది.
పక్కగదిలో ముగ్గురిలో ఒకాయన దగ్గు వినపడింది.
నా పింఛనుకి ఇంకా ఆరేళ్లు.

"దీపం కింద కాదండీ" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా ఉంది.
"కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి.
కాస్త ఏటవాలుగా పట్టుకోండి.
ఆ నాలుగు కింద ఏముందో చూడండి."