ఉల్లిపాయల బొమ్మ

డిసెంబరు. జీలాంగ్. సాయంత్రం నాలుగున్నర.
వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి
అరువు తెచ్చుకున్న కాళ్ళ మీద నిలబడ్డాను
మనిషి లేని బిల్లు మెషిన్ ముందు.
త్రాసు మీద అరకిలో చెర్రీపళ్ళు,
తెర మీద ఎన్నెన్ని బొమ్మలో!
నా వేలు, నన్నడక్కుండానే అనను,
నన్నడిగే
ఉల్లిపాయల బొమ్మ నొక్కింది.
ఒక్క డాలరు.

పక్కన కెజీయా. ఏడేళ్ళు.
కొత్తగా చదవడం వచ్చిన పిల్ల,
పాలడబ్బా మీది అక్షరాల్ని కూడా వదలదు.
ఏమీ అనలేదు.
సంచీ తనే మోసింది, రెండు చేతులా,
నిద్రపోతున్న పిల్లిని మోసినట్టు.

కారులో, రెండో సిగ్నల్ దగ్గర:
"అమ్మా, ఆ మెషిన్‌కి తెలీదా?"
తెలీదు.
"దేవుడికి?"
అడిగేవాళ్ళు వెనకసీట్లో ఉంటే
ఎర్రలైటు ఎంతకీ పచ్చబడదు.
"పెద్ద కంపెనీ, వాళ్ళకిదో లెక్కా" అన్నాను.
"ఓ" అంది.
ఆ ఒక్క అక్షరంలో
శనివారానికీ ఆదివారానికీ మధ్య
నేను కడుతున్న గోడ చప్పుడు వినిపించింది.

రాత్రుళ్ళు నేర్పాను కదా దీనికి,
నక్షత్రాలు ఆయనవి, పెరట్లో నత్తలు ఆయనవి,
బడిలో ఒంటరిగా తినే పిల్లాడూ ఆయనవాడేనని.
త్రాసు ఎవరిదో చెప్పడం మర్చిపోయాను.
మా అమ్మమ్మ చీరాల సంతలో ఎండుచేపలు అమ్మేది.
ప్రార్థన పొడుగ్గా చేసేది కాదు.
తూచేటప్పుడు మాత్రం
చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేది,
ముల్లు నువ్వే చూసుకో అన్నట్టు.

బండి తిప్పాను.

సర్వీసు బల్ల దగ్గరి అమ్మాయికి
(ముక్కుపుడక, చీటీ మీద టీగన్ అని పేరు)
మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి నవ్వింది.
"దీనికి బటన్ లేదండీ."
ఎగ్గొట్టడానికి అన్ని బొమ్మలున్నాయి,
తిరిగిచ్చుకోడానికి బటన్ లేదు.
మేనేజరొచ్చాడు, తాళంచెవి తెచ్చాడు.
వెనక క్యూ గొణిగింది. నా చెవులు కాలాయి.
కెజీయా బల్లకి గడ్డం ఆనించి
నాణేలు పైకి లెక్కపెట్టింది, పది దాకా.

ఇంటికెళ్తూ పాఠమేమీ చెప్పలేదు.
చెప్పే ముఖం లేదు.
"భయమేసిందా అమ్మా?"
"వేసింది."
"నిన్న నేనూ… ఒక రంగు పెన్సిల్…"
ఆగింది.
నేను కారు నెమ్మదిగా పోనిచ్చాను,
ఆ మాటకి దారి వదులుతూ.
"ఆర్చీది. ఆకుపచ్చ."
"సోమవారం ఇచ్చొద్దామా?"
"దానికీ బటన్ ఉండదేమో."
"ఉండదు. ఇద్దరం వెళ్దాం."

రాత్రి భోజనాల దగ్గర ప్రార్థన తన వంతు.
చెర్రీ రంగు మూతితో, కళ్ళు గట్టిగా మూసి:
"ప్రభువా, పళ్ళకి వందనాలు.
టీగన్ అక్కకి వందనాలు."
కాస్త ఆగి, ఒక కన్ను తెరిచి నన్ను చూసి:
"మా ఇంట్లో ఉల్లిపాయలు
నిజంగానే అయిపోయాయి. ఆమేన్."