కాడి

క్విజ్ పుస్తకంలో ఆ మాట దగ్గర నాలుక తట్టుకుంది.
సిజిజీ.
తుమ్ము సగంలో ఆగిపోయినట్టు.

గ్రహణం రాత్రి. మిర్చి యార్డులో
లారీ ఎక్కాల్సిన టిక్కీలు ఇంకా నలభై.
మా నాన్న ఏసోబు తువ్వాలుతో కళ్ళొత్తుకుంటూ
"ఏందమ్మా అది?" అన్నాడు.

సూర్యుడు, భూమి, చంద్రుడు
ఒక్క వరసలోకి రావడం నాన్నా.
గ్రీకుల మాటంట,
జంటగా కాడికి కట్టడమని అర్థమంట.

"కాడా!"
నవ్వబోతే ఘాటుకి దగ్గొచ్చింది.
"మా తాత కట్టేవోడు,
పెదనందిపాడు నల్లరేగడిలో.
ఎడ్లు మాత్రం ఆసామివి."
కాసేపాగి,
"కట్టడం సరే, మేడి ఎవరు పట్టారు?"

పుస్తకంలో లేదు.
పేజీ తిప్పి కూడా చూశాను.

రేకుల షెడ్డు పైన చందమామ ఎర్రబారింది.
నాన్న ఒక కన్ను మూసి
రేటు కట్టేవాడిలా చూశాడు:
"మచ్చలున్నయ్యి. తాలు కింద రాస్తారు."

లేచాడు, వంగాడు.
మెడ వెనక టిక్కీ ఆనే చోట
రూపాయి బిళ్ళంత నల్లటి కాయ.
రోజూ చూసేదే.

పోటీలో ఆ ప్రశ్న రానేలేదు.
ఇప్పటికీ ఆ మాట పలికితే
నాకు ముందు వినపడేది
ఆ దగ్గే.