బండి గుంజిన జాగ

అద్దం పెట్టి సూడకు సారూ,
అద్దానికి సిరా కనవడ్తది గని
బండి కనవడది.

నేను కాజీపేట పార్సిల్ ఆఫీసుల
ముప్ఫయ్యొక్క ఏండ్లు బస్తాల మీద నెంబర్లేసినోణ్ణి.
ఎండుమిరప బస్తాల నడుమ తుమ్ముకుంటనే
మద్రాసు బండి కూత పట్టేటోణ్ణి.
ఫస్టు క్లాసు డబ్బ వచ్చి ఆగేది
నీళ్ల నల్ల దాటినంక ఆరడుగులకు.
గాడ నిలవడేటోణ్ణి, చంకల బుక్కు వెట్టుకొని.
బుక్కంటే ఏం బుక్కు,
కాలం చెల్లిన రశీదులు
ఎనుక దిక్కు తెల్లగున్నయి ఏరితే
మా లింగవ్వ గోనెదారంతోని కుట్టిచ్చింది.

ఇగో, గిది విశ్వేశ్వరం.
తెర మీద ఎన్ని గొంతులు పిసికిండో లెక్కలేదు,
కిటికీలకెల్లి వచ్చిన చెయ్యి మాత్రం
పసిపోరనికి పాలు తాపే చెయ్యి.
"పేరేంటోయ్" అన్నడు. ఓదెలు అన్న.
ఓబులు అని రాసిండు.
ఓబులు గాదు సార్, ఓదెలు, మా మల్లన్న పేరు అంటే
నవ్వి, కొట్టేసి, మల్ల రాసిండు.
నువ్వు గా కొట్టివేత సూసి మూతి ఇరుస్తున్నవు.
దొంగ సంతకం పెట్టేటోడు
నీ పేరు తప్పు రాస్తడా సారూ?
ఇంకా కిందికి రా,
ఆఖరి అక్షరం కాడ బండి గుంజింది.
సున్న సుట్టుకోలేదు,
పట్టా లెక్క సాగి కాయితం అంచు దాటిపోయింది.
గది మా ఇంజను పెట్టిన సంతకం.

గీమె ఇందుమణి. ఢిల్లీ పోతున్నదట ఆనాడు.
ముందుగాల నీళ్లడిగింది,
నల్లకాడ మరచెంబు నింపిచ్చిన.
తడిచేతితోనే కలం అందుకున్నది.
గా మసక గదే. వాన గాదు, కన్నీళ్లు అస్సలు గాదు,
కథలల్లేటోళ్లు అంటరు, నమ్మకు.
"ఇందు" అని రాసింది.
గార్డు పచ్చజెండ ఊపిండు.
నా కలం, ఆమె వేళ్లు, "మణి", మూడూ
బల్లార్షా దిక్కు పోయినయి.
సగం సంతకానికి సగం ధరంటవా?
పోయిన కలం ధర ఎవలిస్తరు?

ఆగు, ఆ కాయితం మలపకు.
మలిపినవా. సరే, సూడు.
రశీదు: డోర్నకల్ నుంచి కాజీపేట,
నాటకం సామాను, పెట్టె ఒకటి, ఇరవైమూడు కిలోలు.
పంపినోళ్ల సంతకం: ఎల్లంకి చంద్రమౌళి.
రాత్రిపాలి ఇడిసిన మిల్లు కార్మికులు
నెత్తిల దూది దులుపుకోకుంటనే కూసోని సూసే
దుర్యోధనుడు.
నేనడిగితే పెట్టింది గాదు. నాకోసం పెట్టింది గాదు.
సరుకు ముట్టినట్టు సంతకం కాడ
గీత ఉన్నది, గీత మీద ఏం లేదు.
సమ్మె నడిసిన ఏడు అది.
ఆట ఒప్పుకున్నోళ్లు రైలుకిరాయి గూడ ఇయ్యలే,
ఇక్కడ దినానికింత అని గోదాం కిరాయి పెరిగె.
రెండుసార్లు వచ్చి, కటకటాల ఇవుతల నిలవడి
పెట్టెను సూసి పోయిండు.
సభల అంత ఎత్తున లేసే గొంతు,
నన్ను ఒక్క మాట అడగలే.
నేనూ అడగలే.
మూడోసారి రాలేదు.

వేలంల నేనే పాడిన, పద్నాలుగు రూపాలకు.
అట్ట కిరీటం, అద్దం పెంకులు,
లోపట నుదురు తాకే కాడ
అర్దళం కలిసిన చెమట, పచ్చగ, గుండ్రంగ,
ఇంకా రాలలే.
దానికేం ధర కడ్తవో చెప్పు,
అమ్మనీకి గాదు, ఊకె ఇందామని.

చాయ్ చల్లారుతున్నది సారూ.
విశ్వేశ్వరాన్ని తీస్కపో, ఓబులుతోని సహా.
ఇందును మాత్రం అడగకు.
రెండు దిక్కుల కాయితం అది.
ఇంక, ఢిల్లీకెల్లి వచ్చే బండ్లు
ఈడ ఆగుతనే ఉన్నయి గదా.