అచ్చు కలిసే చోటు

బయట యశ్వంతపూర్ మీద వాన.
లోపల, హోటలు వెనక సర్వీసు లిఫ్టు పక్కన,
వచ్చే ఎండాకాలానికి ఇస్త్రీ చేస్తున్నాను.

హ్యాంగర్ల మీద ముప్పై నాలుగు బట్టలు
ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి
మెజెస్టిక్‌లో బస్సెక్కే ఆడవాళ్ళలా.
దేచమ్మ మేడం కాగితం మీద వాటికి నంబర్లు.
నాకు నంబర్లు నిలవవు.
ఇది కనకాంబరం. ఇది వంకాయ.
ఇది నేరేడు తిన్న నాలుక.
ఆ చివరిది, రాణి రంగు మీద అరచెయ్యంత పసుపు చుక్కలు,
దానికింకా పేరు దొరకలేదు,
చూస్తే మాత్రం మా మేనత్త ఓబులమ్మ నవ్వు
మూడు వీధుల అవతల్నించి వినబడుతుంది.

పీణ్యాలో పదకొండేళ్ళు
నేను కుట్టింది ఒకటే కాలరు.
బూడిద, నేవీ బ్లూ, మళ్ళీ బూడిద.
గంటకు తొంభై.
ఏ మెడల కోసమో తెలీదు,
ఏ మెడా తిరిగి చూడలేదు.
సాయంత్రం బస్సులో కళ్ళు మూస్తే
రెప్పల లోపలా బూడిదే.
అందుకేనేమో ఆదివారం ఆదివారం గోరింటాకు పెట్టుకునేదాన్ని,
గుడ్డకు అంటుతుందని సూపర్‌వైజరు తిట్టేదాకా.

ఇక్కడ పని వేరే.
చిలకపచ్చ గుడ్డ మీద చేటంత పువ్వు.
దాన్ని చంక కింద కోయాలి,
కోసినట్టు తెలియకూడదు.
ఎడమ ముక్కలో మూడు రేకలు, కుడి ముక్కలో రెండు,
కుట్టు దగ్గర అచ్చు కలవాలి.
నూలుపోగంత జరిగినా
పువ్వుకు మెల్లకన్ను వస్తుంది.
గుడ్డ ఎక్కువ పడుతుంది. రాత్రుళ్ళూ ఎక్కువే పడతాయి.
"చంక కింద ఎవరు చూస్తారు హుస్సేనక్కా?" అంటాడు
కటింగు మాస్టరు కొడుకు ఇర్ఫాన్.
చెయ్యెత్తితే కనబడుతుంది కదరా, అన్నాను.
"ర్యాంపు మీద ఎవరూ చెయ్యెత్తరు."

నిజమే. రిహార్సల్ చూశాను.
చేతులు పక్కన వేలాడతాయి,
ముఖాలు బ్యాంకు క్యూలో నిలబడ్డట్టుంటాయి.
ఇన్ని రంగులు తొడుక్కుని
నవ్వకుండా ఎట్లుంటారో!

ఎనిమిది దాటింది. నేల అదిరింది.
ఆ చిలకపచ్చది వేసుకునే పిల్ల, పుయీ, ఐజాల్ అమ్మాయి.
జిప్పు సగంలో ఆగిపోయింది.
నా పళ్ళ మధ్య సూది. పచ్చ దారం అయిపోయింది.
ఉన్నది రాణి రంగు.
దాంతోనే కుట్టేశాను, పిల్లను లోపలే ఉంచి,
వెన్ను వెంట పదిహేడు కుట్లు.
తను ఊపిరి బిగబట్టింది. నేనూ.

తెర సందులోంచి చూశాను.
చివర మలుపు తిరిగే చోట
ఫ్లాషులు మొహాన కొడితే
కళ్ళకడ్డంగా చెయ్యెత్తింది.

ఒక్క క్షణం.
చంక కింద ఐదు రేకలూ,
ఎవరూ కోయని పువ్వులా.

ఇర్ఫాన్ కేసి తిరిగాను.
వాడు ఫోన్లో ఉన్నాడు.

"వీపు మీద ఆ గీత ఎవరి ఐడియా?" అంది దేచమ్మ మేడం,
కోపమో మెచ్చుకోలో తెలీని గొంతుతో.
దారం లేదు మేడం, అన్నాను.
ముప్పయ్యోదాని హుక్కులు పెడుతూ.

పదకొండు బస్సులో
పక్క సీటామె నా జడలోంచి ఒక పోగు తీసి ఇచ్చింది.
రాణి రంగు.
వాన అద్దం మీద పీణ్యా అంతా బూడిదగా జారుతోంది.
పోగును ఉంగరపు వేలికి చుట్టుకున్నాను,
రక్తం ఆగేంత గట్టిగా, ఊరికే.