పన్నెండో కట్టు

మొదలు గొంతు తీసేసి చూస్తం.
వారాసిగూడల, రెండో అంతస్తు మీది రేకుల గదిల
ఫ్యాన్ సుత బంద్ పెట్టి
పాటను పూరాగ మూగ చేసి
పెదాలు ఊకె కదులుతుంటె
నేను నేల మీద వేలితో కొడుత:
కట్టు. కట్టు. కట్టు.
ఐలేశ్ గీతలు గీస్తడు
లిఫ్టు కంపెనోళ్లు ఇచ్చిన సర్వీసు పుస్తకం వెనక పేజీలల్ల.

మూడు నిమిషాలకు నూట ఎనభై ఆరు గీతలు.
"అద్దంల మొఖం చూసుకుంటుంటె
ఎవరో అద్దం గుంజుకున్నట్టుందే" అన్నడు.

పెళ్లి వీడియోలు కోసుడు నా పని, చిలకలగూడల.
జీలకర్ర బెల్లం కాడ్నించి అప్పగింతల దాక
ఎవరి కన్నీళ్లు ఏ సన్నాయి కింద పెట్టాల్నో
నా వేళ్లకు ఎరుక.
ఇది వేరే.
ఇక్కడ ఏడ్చేటోళ్లను ముందుగాల పిలిచి
కుర్చీలేసి కూసోబెట్టరు.

ఒక వీడియోల పాడే మనిషి నలభై సెకన్లు రానే రాడు.
ఖాళీ కుర్చీ. దాని మీద ఆరేసిన తువ్వాల.
తువ్వాల అంచుకు నీటిబొట్టు.
ఎన్నిసార్లు వెనక్కి జరిపిన్నో.
బొట్టు తాళం మీద పడ్తలేదు,
తాళానికి జెరంత ముందు పడ్తున్నది.
మతలబంత ఆ జెరంతల ఉంది.
చెవి గల్లీ మలుపు తిరగకముందే
కన్ను పొయ్యి తలుపు తీస్తది.

ఇంకోదాంట్ల ఒక పిల్ల మెట్లు దిగుతనే ఉంటది.
పాట అయిపోతది, మెట్లు అయిపోవు.
పదోసారికి దొరికింది:
ఉన్నయి నాలుగే మెట్లు.
గోడ మీది తాంబూలం మరక
ప్రతిసారి అదే.

ఐలేశ్ పాట లిఫ్టు గుంత పాట.
మాదాపూర్ల ముప్పై అంతస్తుల చీకటి,
అడుగున నిలబడి తాడు పట్టుకుంటె
పైనుంచి ఎవరెవరియో అత్తరు వాసనలే దిగుతయట,
మనుషులు దిగరట.

ఆదివారం పొద్దుగాల మెట్టుగూడ పిల్లర్ల కింద తీసినం.
ఎర్ర లైటు ఒక వీడియోది,
పైపుతో కొట్టిన వాన ఇంకోదానిది,
నడక మూడోదానిది.
ట్రాలీ మాత్రం అనసూయమ్మ జామకాయల బండి.
గంటకు యాభై, కాయలు కిందపడితె వేరే లెక్క.

రాత్రి ముందరేసుకొని చూసినం.
అన్నీ ఉన్నయి.
పెండ్లికొడుకు దొరక్క
ఎవరినో పీట మీద కూసోబెట్టినట్టుంది.

తెల్లారి అనసూయమ్మ ఉప్పుకారం చెయ్యి
కొంగుకు తుడుచుకొని ఫోన్ల తొంగి చూసింది.
"పిలగానికి చేతులేవి?"

నేను మాట్లాడలే.
చూసిన వీడియోలల్ల చేతులన్ని తెల్లగ, కడిగినట్టున్నయి.
వీని గోరు సందుల గ్రీజు ఏ సబ్బుకు పోదు.
జేబులల్ల పెట్టుకోమన్నది నేనే.
పుస్తకంల గీత పడని కట్టు,
అన్నిటికంటె ముందుగాల నేను కోసిన కట్టు
అది.

మళ్ల తీసినం.
లైటు లేదు, వాన లేదు.
ఒక అపార్ట్‌మెంటు నెత్తి మీద మోటరు గది,
వాచ్‌మన్ ఇంతియాజ్‌కు రెండు చాయ్‌లు.
చేతులు. తాడు. మళ్ల చేతులు.
పాడుకుంటనే నట్టు బిగిస్తున్నడు, మొఖం మర్చిపోయి.
పానా తిరిగేది తాళానికి జెరంత ముందు.
నేను చెప్పలే, అదే అట్ల పడ్డది.

కరెంటు పోయింది.
వాడు ఆపలే. నేనూ ఆపలే.

పదకొండు కట్లు నావి.
పన్నెండోది కరెంటోళ్లది.
దాని ఎనక ఏడు సెకన్ల నల్లటి చీకటి,
దాంట్ల తాడు ఊగే సప్పుడు.
తియ్యాల్నా, ఉంచాల్నా అని
మూడు రాత్రుల సంది కూసున్న,
అటు షాపుల ఎవరిదో రిసెప్షన్
సగం కోసి పెట్టి.

ఐలేశ్ ఫోన్ చేసిండు.
"అయ్యిందా?"
అయ్యిందన్న.
కాలే.
గొంతు తీసేసి ఒకసారి చూడాలె ఇంక.
వేలు ఆ బొత్తం మీదనే ఉంది,
ఒత్తుతలేదు.