వాలుగ పళ్ళు

నెలకి పదకొండొందల మీటర్లు.
అన్నీ నేను తీసిన ఫొటోలే.
మెట్ల కింద, తలుపు చాటున, చిట్టు బస్తాల వెనక
మూడో చెయ్యి లేక టార్చి పళ్ళతో కరుచుకుని
అంకెలు కనబడితే చాలనుకునే ఫొటోలు.
వాటిని నావని ఎవరూ అనరు.
నేనూ అనుకోలేదు, చాలాకాలం.

నావనుకున్నవి వేరే.
ఆదివారం తెల్లారకుండానే
బావమరిది అమ్మేసిన పాత కెమెరాతో
కళింగపట్నం పోయేవాణ్ణి.
దీపస్తంభం, తెప్ప, తెప్ప వెనక పొద్దుపొడుపు.
కేలండర్లో ఎలా ఉందో అలా రావాలి.
ప్రతిసారీ
కేలండరు కంటే కొంచెం తక్కువొచ్చేది.

ఆమదాలవలసలో స్టూడియో కూర్మారావుగారు
ఆ ప్రింట్లు కళ్ళజోడు పైకెత్తి చూసి
"ఎండ బాగుందోయ్. ఇందులో నీదేదీ?" అన్నారు.
నలభై ఏళ్ళు పెళ్ళికూతుళ్ళ గడ్డాలెత్తిన చెయ్యి అది.
ఆయనకి వెలుతురంటే మొహం మీద పడేదే.
రెండు గొడుగులు, ఒక తెల్లదుప్పటి.
చెంప మీద నీడ మిగిలితే
నెగెటివ్ మీద పెన్సిలు పెట్టి చెరిపేసేవారు.
ఆయన చెరిపేసిన చోటే చూడ్డం
ఆయన దగ్గరే అలవాటైంది నాకు.
గురువుకి చెప్పలేదు. చెబితే నవ్వుతారు,
లేదా నవ్వరు.

పొందూరు నా వంతుకొచ్చింది ఆ ఏడే.
సర్వీసు నంబరు గుర్తులేదు గాని
అసిరమ్మ కూచున్న గుమ్మం గుర్తు.
లోపల చీకటి. బయట తొమ్మిదింటి ఎండ.
ఆ రెండింటి గట్టు మీద ఆవిడ చేతులు.
వాలుగచేప దవడతో దూది దువ్వుతోంది.
సన్నపళ్ళు, లెక్కకి నిలవనన్ని.
దువ్విందాన్ని ఎండకేసి ఎత్తిపట్టి
నలక చూసి, గోటితో తీసి,
మళ్ళీ ఎత్తిపట్టి.

"మీటరు లోపలుంది బాబూ, ఇటేటి సూత్తన్నావు?"

అంకెలు తీశాను.
బయటికొచ్చి, అదే ఫోనుతో,
అలాగే నడుం వొంచి, ఊపిరి బిగబట్టి
ఇంకొకటి తీశాను.

ఇంటికెళ్ళి ఆ రాత్రి ఆలోచించాను.
పాటకంటే, పాటయ్యాక రేడియో చేసే గరగరే
ఇష్టం నాకు చిన్నప్పట్నించీ.
పెళ్ళిలో పందిరి కాదు, వెనక గాడిపొయ్యి.
చేపల పులుసు మర్నాటిది.
ఇవన్నీ నోటికీ చెవికీ సంబంధించినవనుకున్నాను.
కంటికి కూడా అదే నాలికుందని
నలభై రెండేళ్ళకి తెలిసింది.

అప్పట్నించి కళింగపట్నం పోలేదు.
పోతే వలల కొట్టు లోపల్నించి
తలుపు సందంత సముద్రం తీసొచ్చాను, ఒక్కసారి.
మావాళ్ళకి నచ్చలేదు.
"మనుషుల్ని తియ్యవేటి?" అంటుంది చామంతి.
సెక్షనాఫీసులో లైన్మెన్ దుర్యోధన
ఫోను అటూ ఇటూ తిప్పి
"కరెంటోడివి, నీ ఫొటోల్లో కరెంటు పోయిందేట్రా?"
అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.
ఒకటి రెండు వెలుతురుగా తీద్దామనుకున్నాను కూడా.
చెయ్యి పోలేదు.

మూడో నెల రీడింగుకెళ్ళినప్పుడు
ప్రింటు పట్టుకెళ్ళి అసిరమ్మకిచ్చాను.
"నానేదిరా ఇందులో?"
చేతులు చూపించాను.
ఆవిడ కాగితాన్ని ఎండకేసి ఎత్తిపట్టింది
దూదిని పట్టినట్టే.
ఒక మూల కళ్ళు చికిలించి
"ఇక్కడ నలకుంది" అని గోటితో గీకింది.

నలక కాదది.
లోపల గోడమీద మీటరు
ఎర్రగా కొట్టుకునే చుక్క.
తీసినప్పుడు నేను చూళ్ళేదు.

ఎంత గీకినా పోలేదు.
"పోన్లే, వాలుగ పళ్ళు బాగా పడ్డాయి" అంది
నోట్లో ఒక్క పన్నూ లేని మనిషి.
తర్వాత ఎంతయిందని అడిగింది.

ముప్పై ఎనిమిది యూనిట్లు.