వేలెడంత జోళ్లు

మా అక్క యెరానుహి బొమ్మలు చేస్తుంది.
నేను వాటికి జోళ్లు కుడతాను.
బేరూత్ పక్కన బూర్జ్ హమ్మూద్‌లో,
చెప్పుల కొట్ల వెనక సందులో మూడో అంతస్తు.
కరెంటు ఎప్పుడుంటే అప్పుడే మాకు పగలు.

ముందు తలలు పుడతాయి.
పాత దుప్పటి గుడ్డలో దూది కూరి బిగించిన తలలు
ముఖాలు లేకుండా
బల్ల మీద బంగాళాదుంపల్లా దొర్లుతుంటాయి.
కళ్లు ఎప్పుడూ ఆఖర్నే.
"ఏం కట్టుకుందో తేలకుండా
ఎలా చూస్తుందో నాకేం తెలుసు" అంటుంది అక్క.

మరాష్ బొమ్మకి గుండెల మీద మెలికల కుట్టు.
వాన్ బొమ్మ నుదుట వరసగా నాణేలు,
నిజానికవి మా బావ రేడియో విప్పినప్పుడు
దొరికిన ఇత్తడి రేకులు.
నడుముకి గోగ్నోత్స్,
పెళ్లయిన ఆడమనిషి ముందువైపు కట్టుకునే ఎర్రగుడ్డ.

మా నాయనమ్మ గోగ్నోత్స్ ఏ ఎరుపన్న దాని మీద
మా మేనత్తలిద్దరూ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు.
దానిమ్మ గింజ రంగని ఒకావిడ,
ఎండిన నెత్తురు రంగని ఇంకొకావిడ.
అక్క విసుగెత్తి రెండు బొమ్మలు చేసింది.
ఇద్దరూ ఒకే బొమ్మ కావాలన్నారు.
ఏదో చెప్పను.

పోయిన చలికాలం పైలాక్ అని ఒక ముసలాయన వచ్చాడు.
బస్సుల మెకానిక్కు, గోళ్లలో ఇంకా గ్రీజు.
మెట్లెక్కిన ఆయాసం తీరాక అడిగాడు:
మా అమ్మమ్మ బొమ్మ కావాలి.
పేరు తుర్వందా. ఊరు హాజిన్.
ఫొటో?
లేదు.
గుడ్డముక్కయినా?
జేబులోంచి ఒక బొత్తాం తీశాడు.
కొమ్ముతో చేసింది, రెండు బెజ్జాల్లో ఒకటి చిట్లింది.
అక్క దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూసింది,
వైద్యుడు నాలుక చూసినట్టు.

తలగుడ్డ ముడి ఎటువైపు వేసేది?
ఎడమ చెవి మీద. ఆ చెవి ఎలాగూ వినపడదు.
చేతిలో ఏముండేది?
చాలాసేపు ఆలోచించి, ఉల్లిపాయ అన్నాడు.
ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలవగానే
ఉల్లిగడ్డకి ఏడు ఈకలు గుచ్చి రేకుల కప్పుకి వేలాడదీసేది.
వారానికొకటి పీకేది.
పిల్లలం దాని కింద నుంచి నడవాలంటే హడలిపోయేవాళ్లం.

"జోళ్లు?" అన్నాను, అది నా వంతు కనుక.
"వద్దు.
ఎడారి దాటి ఒట్టికాళ్లతో వచ్చింది ఆవిడ.
పాదాలు పాదాల్లాగే ఉండనీ."

నలభై ఏళ్లుగా కుడుతున్నాను.
జోళ్లు వద్దన్నవాడు ఇతనే మొదలు.
కోపం వచ్చింది, దాచడమెందుకు.

అక్క మిగతా బట్టలన్నీ రెండు రోజుల్లో ముగించింది.
మడమల మీద పగుళ్లకి మాత్రం
బూడిదరంగు దారంతో మూడు రాత్రులు.
మట్టి ఉల్లిగడ్డకి నాలుగే ఈకలు గుచ్చింది.
"మూడు వారాలు గడిచిపోయాయిలే" అంది, తనలో తను.

నాలుగో రాత్రి జనరేటరు ఆగిపోయింది.
నిద్ర రాలేదు.
ఒట్టికాళ్లతో వచ్చిందంటే
ఒట్టికాళ్లతో బయల్దేరిందని కాదు కదా.
హాజిన్‌లో వాళ్ల గడప దగ్గర ఒక జత ఉండే ఉంటుంది.
ఎవడో నాలాంటివాడు
ఆ పిల్ల పాదం కాగితం మీద పెట్టించి గీత గీసి,
వాళ్ల నాన్నతో బేరంలో ఓడిపోయి,
పండక్కి ఇస్తానని మాటిచ్చి
పండగ వెళ్లిన వారానికి ఇచ్చుంటాడు.
దారిలో ఏమయ్యాయో.
ఎవరు లాక్కున్నారో, ఏ రొట్టెముక్కకి మారాయో,
లేక ఉత్తినే అరిగి అరిగి
ఇసుకలో కలిశాయో.

కొవ్వొత్తి వెలిగించి
మేకతోలు తునక తీశాను.
వేలెడంత జత. ముక్కు కాస్త పైకి లేచింది.
తెల్లారేలోగా పావడా లోపల జేబొకటి కుట్టి
అందులో పెట్టి మూసేశాను.

పైలాక్ వచ్చాడు. ముఖం చూడలేదు ముందు.
బొటనవేలితో మడమ తడిమాడు.
రొట్టెల సంచిలో నిలువుగా పెట్టుకుని
మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయాడు.
జేబు చూశాడో లేదో,
మళ్లీ రాలేదు.

నెల తర్వాత ఒక సాయంత్రం
అక్క ఏదో కొత్త తలకి కళ్లు కుడుతూ,
ఆ తల మీంచి చూపు తిప్పకుండానే అంది:
"ఎడమది కొంచెం బిగుతయిందిరా."